ఆ రాత్రి 8 గంటలకి నువ్వెక్కడున్నావు తాతా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. నేను ఉద్యోగం కోసం బెంగళూరులో ఉంటున్నాను. మా నాయనకి 77 ఏళ్ళు. 1967లో మిలటరీలో చేరి 1985లో వచ్చేశాడు. మద్రాస్ సాపర్స్ అనే ఇంజనీరింగ్ దళం. 71 యుద్ధంలో ఉన్నాడు. ఊళ్ళో అందరూ 'బంగ్లాదేశ్ యుద్ధం చేసొచ్చిన మనిషి' అంటారు. ఆయన మాత్రం ఇంట్లో ఆ మాటే ఎత్తడు. ఎప్పుడన్నా 'పఠాన్‌కోట్ అవతల' అని ఒక ముక్క, 'చలికి వేళ్ళు వంగేవి కావు' అని ఒక ముక్క. అంతే.

ఏటా డిసెంబరు 17న పాత యూనిట్ వాళ్ళు కావలిలో ఒకాయన ఇంట్లో కలుస్తారు. విజయ్ దివస్ 16న కదా, మీరు 17న కలవడమేంది అంటే 'మాకు అదే' అంటాడు. ఒకప్పుడు పన్నెండు మంది, ఇప్పుడు నలుగురు. అందులో ఒకాయనకి షుగరు, ఒకాయనకి చెవుడు. అయినా రాత్రంతా నవ్వులు, హిందీలో మాటలు. తిరిగొచ్చాక మా నాయన వారం రోజులు ఎవరితోనూ మాట్లాడడు. నిద్రలో ఏదో తమిళ పేరు పెట్టి పిలుస్తాడు. 'ఎందుకొచ్చిన తిరుగుడు, మాన్పించు' అంటుంది అమ్మ.

పోయిన సంక్రాంతికి ఎనిమిదో తరగతి చదివే మావాడు 'తాతా, ఎంతమందిని కాల్చావు?' అని అడిగితే, కంచం ముందు నుంచి లేచి గొడ్ల చావిట్లోకి పోయాడు. ఇప్పుడు ఊరి హైస్కూలు వాళ్ళు సభ పెడతాం, మాట్లాడమంటున్నారు. ఒప్పుకోవడం లేదు. ఆయన తర్వాత ఈ సంగతులు ఎవరికి తెలుస్తాయి? ఎట్లా చెప్పించాలి? పతకాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. డిశ్చార్జి బుక్కులో పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ అని రాసుంది. ఈసారి కావలికి నేనే కారులో తీసుకుపోదునా, మాన్పిద్దునా?
— ఒక పాఠకుడు

సమాధానం: కారు తీయండి, మాన్పించొద్దు. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

ముందు మీ ఉత్తరంలోనే ఉండి మీకు కనపడని సంగతి ఒకటి చెప్తాను. మీ నాయన బంగ్లాదేశ్ వైపు యుద్ధం చేసినట్టు లేదు. 71 యుద్ధానికి తూర్పున పనిచేసినవాళ్ళకి పూర్వీ స్టార్ ఇచ్చారు, పడమట పనిచేసినవాళ్ళకి పశ్చిమీ స్టార్. సంగ్రామ్ మెడల్ రెండు వైపుల వాళ్ళకీ ఉంటుంది. పఠాన్‌కోట్ అవతల అంటే పాకిస్తాన్ సరిహద్దు, పంజాబు చలి. యాభై ఏళ్ళుగా ఊరంతా ఆయన్ని ఢాకా పంపిస్తుంటే, ఆయన కాదనలేదు, అవుననలేదు. ఎవరికని చెప్తాడు? మనకి 71 అంటే బంగ్లాదేశ్, లేదంటే విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. ఆ రెండూ కాని యుద్ధంలో ఉన్నవాడు ఇంటికొచ్చి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ఇక 17వ తారీకు. డిసెంబరు 16 సాయంత్రం ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. 93,000 మంది దాకా లొంగిపోయారు. దేశమంతా పండగ చేసుకుంది, ఇప్పటికీ చేసుకుంటోంది. కానీ అది తూర్పున. పడమటి వైపు కాల్పులు ఆగింది మర్నాడు, 17వ తేదీ రాత్రి 8 గంటలకి. అంటే మనవాళ్ళు రేడియోలో గెలుపు వార్త విని సంబరపడుతున్నప్పుడు, మీ నాయన ఇంకా యుద్ధంలోనే ఉన్నాడు. మరో పగలు, మరో రాత్రి. 'మాకు అదే' అన్న మాటకి నాకు తోచిన అర్థం ఇది. ఆ ఒక్క రోజులో ఏం జరిగిందో ఆ నలుగురికే తెలియాలి. నిద్రలో పిలిచే ఆ తమిళ పేరుకీ ఆ రోజుకీ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను. మీరు కూడా ఊహించి అడగొద్దు.

సాపర్ అంటే ఏం చేస్తాడో మీవాడికి చెప్పారా? మిలటరీ అనగానే పిల్లలకి తుపాకీ ఒక్కటే గుర్తొస్తుంది. సాపర్‌కీ తుపాకీ ఉంటుంది, కానీ అతని మొదటి పని దారి చేయడం. వంతెన కట్టాలి, శత్రువు పాతిన మందుపాతరలు తీయాలి. రాత్రిపూట నేల మీద బోర్లా పడుకుని, కడ్డీతో మట్టిని ఏటవాలుగా గుచ్చుకుంటూ, గట్టిగా తగిలితే ఆగి, చేత్తో మట్టి తీసి చూసి, శుభ్రం చేసినంత మేర అటూ ఇటూ తెల్ల టేపు పరచుకుంటూ పోవాలి. వెనక ట్యాంకులు, పదాతి దళం ఆ టేపు మధ్యలోంచి వస్తాయి. 'చలికి వేళ్ళు వంగేవి కావు' అన్నాడని మీరు మామూలుగా రాశారు. ఆ పని చేసే మనిషికి వేళ్ళు వంగకపోవడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఆయన మీకు యుద్ధం గురించి చెప్పలేదంటున్నారు గానీ, ఆ ఒక్క ముక్కలో చాలానే చెప్పాడు.

పఠాన్‌కోట్ అవతలి షకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది దగ్గర జరిగిన పోరు 71లో పేరున్నది. 15వ తేదీ రాత్రి మన పదాతి దళం నది దాటి పట్టు దొరికించుకుంది. మందుపాతరలు తీసే పని ఇంకా సగంలో ఉండగానే అవతల శత్రువు ట్యాంకుల కదలిక వినపడింది. పూర్తిగా శుభ్రం కాని దారిలోనే మన ట్యాంకులు ముందుకెళ్ళాయి. మర్నాడు 21 ఏళ్ళ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ అక్కడే ప్రాణం విడిచాడు, పరమవీర చక్ర వచ్చింది. అతని పేరు పుస్తకాల్లో ఉంది, ఉండాలి. ఆ సగం దారి చేసిన వాళ్ళ పేర్లు మాత్రం కావలిలో ఏ ఇంట్లోనో, ఏ మధురై సందులోనో ముసలి నోళ్ళలోనే ఉంటాయి. మీ నాయన అక్కడే ఉన్నాడని నేననడం లేదు. డిశ్చార్జి బుక్కులో యూనిట్ ఏదో చూడండి, కొంత తేలుతుంది.

ఆ పుస్తకం చూసేటప్పుడు ఒకటి గమనించండి. సొంత జిల్లా నెల్లూరు అని ఉంటే కంగారుపడొద్దు. ఆయన చేరిన 1967లో కందుకూరు నెల్లూరు జిల్లాలోదే. 1970లో ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరు మళ్ళీ నెల్లూరుకి పోయింది. మీ ఊరు ఉన్నచోటే ఉంది, కాగితాలే అటూ ఇటూ తిరిగాయి. ఎప్పుడన్నా రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం రాయాల్సొస్తే బుక్కులో ఉన్నది ఉన్నట్టే రాయండి.

ఇక మీవాడి ప్రశ్న. వాడి చేత క్షమాపణ చెప్పించకండి, ఆ పని చేస్తే తాతకీ మనవడికీ మధ్య అది పెద్ద విషయమైపోతుంది. వాడు ఫోన్లో ఆడే ఆటలో లెక్క అదే మరి, ఎంతమందిని కాలిస్తే అన్ని పాయింట్లు. వాడికి వేరే ప్రశ్న ఇవ్వండి చాలు. '17వ తేదీ రాత్రి 8 గంటలకి నువ్వెక్కడున్నావు తాతా?' అని. ఇందులో చంపడం లేదు, చావడం లేదు. ఒక చోటు ఉంది, ఒక టైము ఉంది. అన్నిటికంటే ముఖ్యం, తనకి మాత్రమే తెలుసనుకున్న తారీకు వీడికి తెలుసని ఆయనకి అర్థమవుతుంది. జవాబు ఆ రోజే రాకపోవచ్చు. మళ్ళీ అడగొద్దు. వేశాక వదిలేయాలి.

మీరు బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఇంకో పని తేలిక. మద్రాస్ సాపర్స్ కేంద్రం అక్కడే, అల్సూరు చెరువు పక్కన. మీవాడు ఎన్నిసార్లు ఆ గోడ పక్కనుంచి పోయుంటాడో! 1780 నాటి దళం అది. సైన్యంలో మిగతావాళ్ళు వీళ్ళని 'తంబీలు' అంటారు. ముళ్ళకంచెల్ని పేల్చడానికి పొడుగాటి గొట్టంలో మందు కూరి నెట్టే 'బెంగళూరు టార్పెడో' అనే ఆయుధం 1912లో అక్కడే పుట్టింది, తర్వాత ప్రపంచ యుద్ధాల్లో చాలా దేశాలవాళ్ళు వాడారు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఇంతకంటే ఏం కావాలి? అల్సూరు చెరువు గట్టున నిలబెట్టి చూపించండి. తాత దగ్గరికి వాడు ఖాళీ చేతుల్తో పోకూడదు.

స్కూలు సభ మాటకొస్తే, మీ నాయన ఒప్పుకోకపోవడమే నయం అనిపిస్తుంది నాకు. మా పెదనాన్న 65 యుద్ధంలో మిలటరీ లారీ డ్రైవరు. ఓసారి ఒక స్కూలువాళ్ళు సన్మానమని పిలిస్తే నేనే వెంట వెళ్ళాను. మూడింటికి అన్నారు. ముఖ్య అతిథి అయిదున్నరకి వచ్చాడు. టెంటు కింద ఇస్త్రీ చొక్కాకి పతకాలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ పెదనాన్న వీపు ఆనించకుండా రెండున్నర గంటలు కూర్చున్నాడు. ఉపన్యాసాలు అయ్యాయి, శాలువా అయింది, ఫోటోలు అయ్యాయి. చివర్లో మైకు ఇచ్చి 'టైము లేదు, రెండు ముక్కలు చెప్పండి' అన్నారు. ఆయన 'జైహింద్' అని చెప్పి కూర్చున్నాడు. అక్షరాలా ఒక్క ముక్కే!

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది. ముందు ఒక లారీ పోతోంది. దాని వెనక ఎర్ర లైట్లు చూస్తూ ఉన్నట్టుండి 'మాకు ఇట్లాంటివి ఉండేవి కావే' అన్నాడు. యుద్ధంలో రాత్రిళ్ళు హెడ్‌లైట్లు వేయకూడదట. ముందు బండి వెనక చక్రాల మధ్య ఇరుసు మీద ఉండే గుండ్రటి బుడిపెకి తెల్ల రంగు వేసి, దాని దగ్గర చిన్న బల్బు పెడతారట. పైన విమానానికి కనపడదు, వెనక డ్రైవరుకి మాత్రం కనపడుతుంది. ఆ తెల్లటి ముద్దని చూస్తూ తెల్లార్లూ నడపాలి. 'కళ్ళు మూసినా అదే కనపడేది' అన్నాడు. అలా ఇల్లు చేరేదాకా చెప్తూనే ఉన్నాడు. నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆయన నా వంక చూడలేదు, లారీ వంకే చూశాడు. అంతకు ముందు ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాటలవి.

కాబట్టి ఎదురుగా కూర్చుని అడగకండి. పక్కన కూర్చోండి. చేతిలో ఏదో ఒక పని ఉండాలి, కళ్ళకి ఎదురుగా ఏదో ఒకటి కనపడాలి. కందుకూరు నుంచి కావలికి గంట ప్రయాణం ఉంటుంది కదా. పాటలు పెట్టకండి. ఆయన మాట్లాడితే వినండి, లేకపోతే లేదు. స్కూలువాళ్ళకి మాత్రం వద్దని తెగేసి చెప్పక్కర్లేదు. సభకి బదులు నలుగురైదుగురు పిల్లల్ని ఇంటికి పంపమనండి. అరుగు మీద ట్రంకు పెట్టె తెరిచి పెడితే, పెట్టె మీద తెల్ల పెయింటుతో రాసిన నంబరు దగ్గర్నుంచే మొదలవుతుంది. గుండ్రటి పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. వాటిని పిల్లలు భూతద్దంతో చదువుకుంటారు. ఆయనకి ఉపన్యాసం బాధ ఉండదు.

కావలిలో ఏం చేయాలంటారా? ఏమీ చేయకండి. మంచినీళ్ళు అందించండి, మంచాలు వాల్చండి, గోడ వారగా కూర్చోండి. మీకు చెప్పనివి అక్కడ ఎందుకు చెప్తాడంటే, అక్కడ దేన్నీ విప్పి చెప్పక్కర్లేదు గనక. 'ఆ రోజు టేపు అయిపోయింది చూడు' అంటే చాలు, మిగతా ముగ్గురికీ తెలిసిపోతుంది. మీకు అర్థం కాకపోతే మధ్యలో అడ్డం పడొద్దు. ఫోన్లో రికార్డు చేయొచ్చా అని నలుగురినీ ముందే అడగండి. ఒక్కరు వద్దన్నా మానేయండి. సరే అంటే ఫోను బల్ల మీద, చెవుడున్న ఆయన దగ్గరగా పెట్టండి. ఆయన గట్టిగా మాట్లాడతాడు, మిగతావాళ్ళు కూడా ఆయన కోసం గట్టిగా మాట్లాడతారు. ఆ మిలటరీ హిందీలోనే ఉండనివ్వండి, తెలుగు చేయమని అడగొద్దు. తారీకుల దగ్గర వాదులాడుకుంటారు. ఆ వాదనలే బంగారం. మీరు గూగుల్ తీసి తీర్పు చెప్పారో, మాట అక్కడితో ఆగిపోతుంది. పాత ఫోటో ఉంటే మాత్రం ఒక పని చేయించండి. ఎడమ నుంచి కుడికి ఎవరెవరో చెప్పించి, ఫోటో వెనక పెన్సిల్‌తో రాయండి. నలుగురు ఉన్నప్పుడే అది అవుతుంది. పన్నెండు మంది ఉన్నప్పుడు ఎవరూ రాయలేదు చూడండి.

మీ అమ్మగారి మాట కొట్టిపారేయకండి. ఆ వారం రోజులూ రాత్రిళ్ళు మేలుకుని ఉండేది ఆవిడే. ఆవిడ 'మాన్పించు' అన్నది అందుకే గానీ, ఆయన స్నేహితుల మీద కోపంతో కాదు. ఈసారి తిరిగొచ్చాక వెంటనే బెంగళూరు బయల్దేరకుండా రెండు మూడు రోజులు అక్కడే ఉండండి. కుదిరితే ఆవిణ్ణి కూడా అడగండి, ఆయన సర్వీసులో ఉన్నప్పుడు రాసిన ఉత్తరాలు ఏమైనా దాచిందా అని. 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని చిరునామా ఉంటుంది, ఊరి పేరు ఉండదు. ఆయన ఎక్కడున్నాడో తెలియకుండా ఆ అంకె మీద ఉత్తరాలు పోస్టు చేసిన మనిషి ఆవిడ. ఆవిడ చెప్పేవీ రాసుకోండి.

నిద్రలో అరవడం, వారం మౌనం ఏటా అంతే ఉండి తగ్గిపోతుంటే నేను పెద్దగా భయపడను. దుఃఖం అనుకుంటాను. వారం దాటి నెల అయినా, తిండి మానేసినా, పగలు కూడా ఉలిక్కిపడుతున్నా డాక్టరుకి చూపించాలి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటుంది కదా, ఆ పాలీక్లినిక్‌లో చెప్తే మానసిక వైద్యుడి దగ్గరికి పంపిస్తారు. ముందు ఫోన్లో మాట్లాడదామంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. 'పిచ్చి డాక్టరు' అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి.

ఆ తమిళ పేరు గురించి ఒక్కటి. అడగొద్దన్నాను. కానీ ఆయనే ఎప్పుడన్నా పగటిపూట ఆ పేరు ఎత్తితే, అప్పుడు మీరు చెప్పగలిగింది ఒకటుంది. ఢిల్లీలో ఇండియా గేటు దగ్గర 2019లో జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రాణాలిచ్చిన పాతికవేల మందికి పైగా పేర్లు అక్కడ గోడల మీద రాతిపలకలపై చెక్కి ఉన్నాయి. 'నాయనా, ఆ పేరు అక్కడ ఉండొచ్చు. చూసొద్దామా?' అనండి. వస్తానంటే సింగరాయకొండలో రైలెక్కించండి. ఆయన సెలవులకి వచ్చినప్పుడు ట్రంకు పెట్టె, హోల్డాలుతో దిగిన స్టేషన్ అదే అయ్యుంటుంది. రానంటే, ఆ రాయి ఉందన్న సంగతి తెలిసింది, అది చాలు. అంతకు మించి ఆయన మనసులో ఉన్నది మనకి రావాల్సిన ఆస్తేమీ కాదు. కొంత చెప్తాడు, కొంత తనతోనే తీసుకుపోతాడు. ఆ హక్కు ఆయనది.

17న మీవాడికి సెలవు పెట్టించి వెంట తీసుకెళ్ళండి. టీ ఫ్లాస్కులు రెండు పెట్టుకోండి, షుగరున్న ఆయనకి చక్కెర లేనిది విడిగా. ఎవరి ఫ్లాస్కు ఏదో మీవాడికి చెప్పి, గ్లాసులు వాడి చేతే అందించమనండి.